బొల్లారం సున్నా

ఆ రోజుల్లో నాకు మనుషులు కనిపించేవారు కారు, వాళ్ల గుణాలు మాత్రమే కనిపించేవి. సైకాలజీ డిగ్రీలో మా మేడం చెప్పిన పాఠం ప్రకారం మనిషిని అయిదు గుణాలతో కొలవచ్చు: కొత్తదనం మీద మోజు, పనిలో పద్ధతి, నలుగురిలో కలివిడితనం, సర్దుకుపోయే తత్వం, ఆందోళన. ఎవరిలో ఏది ఎంతుందో తేలిస్తే మనిషి గుట్టు తేలిపోయినట్టే. (ఆ పాఠం చివర హెచ్చరికలు కూడా ఉన్నాయట. ఆ రోజు నేను క్లాసుకు వెళ్లలేదు.) పాలవాడికి పద్ధతిలో పదికి నాలుగు, మేనత్తకు ఆందోళనలో పదికి పన్నెండు వేస్తూ, మల్కాజ్‌గిరిలో మా గల్లీ మొత్తానికీ మార్కులు వేసి కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే అక్కకు బొల్లారం సంబంధం వచ్చింది. ఆషాఢం రాకముందే పిల్లను చూసి పోతామన్నారు. నాన్న నన్ను పక్కకు పిలిచి, "నువ్వు గదే సదువుతున్నవ్ గద బిడ్డా, పిలగాడు ఎసొంటోడో జెర చూసి చెప్పు" అన్నాడు. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు.

అబ్బాయి సోఫా అంచున, ఎవరైనా తుమ్మితే కింద పడేటట్టు కూర్చున్నాడు. ఏమడిగినా "ఆ", కాకపోతే "లేదండి". ఖాళీగా ఉంటే ఏం చేస్తారని అడిగాను. "ఏం చెయ్యను" అన్నాడు. అమ్మ ఉప్పు మరిచిపోయిన ఉప్మాను బాగుందంటూ రెండోసారి పెట్టించుకున్నాడు. ముఖం నిండా చెమటలు, పైగా కుడికాలు ఒకటే ఊపడం. వెనక గల్లీలో ఎవరిదో పెళ్లి ఊరేగింపు, బరాత్, ఆ డప్పుల మోతలో వాళ్లమ్మ చెప్పేది కూడా మాకు సరిగా వినబడలేదు.

వాళ్లు గేటు దాటగానే తీర్పు చెప్పాను. "సర్దుకుపోవుడు పదికి పది, ఆందోళన తొమ్మిది, కలివిడి సున్నా. నాన్నా, అక్క నిద్రల సుత మాట్లాడుతది. గీయనతోని ఎట్ల బతుకుతది?"

"నాకు నచ్చిండు" అంది అక్క.

"ఒక్క మాటన్న మాట్లాడిండా?"

"నన్ను చూసి నవ్విండు గద."

నవ్వుకు నా దగ్గర మార్కుల్లేవు. నాన్న నా చదువు మాటే విన్నాడు. "ఆషాఢంల వద్దని చెప్పుడు మంచిగుండది. శ్రావణం వడంగనె ఫోన్ చేస్త" అన్నాడు. అక్క నాతోనే కాదు, ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. అక్క మాట్లాడని ఇల్లు కరెంటు పోయినట్టుండేది. నాకు లోపల దిగులుగానే ఉంది. కానీ శాస్త్రం కదా, బింకం వదల్లేదు.

ఆ ఆషాఢంలోనే లష్కర్ బోనాలకు అందరం సికింద్రాబాద్ వెళ్లాం. ఇసుక వేస్తే రాలనంత జనం. తీన్‌మార్ డప్పుల ముందు ఒకతను ముఖాన పసుపు, తలకు దస్తీ కట్టుకుని, కాలు నేల మీద నిలవకుండా ఆడుతున్నాడు. "గట్టిగ కొట్టన్నా! జెర దంచు!" అని అరుస్తూ, పక్కన నిలబడ్డ ఓ తాతను కూడా లాగి ఆడిస్తున్నాడు. అక్క నా చెయ్యి గట్టిగా గిల్లింది. చూస్తే అతనే, నా బొల్లారం సున్నా!

ఎగిరి దిగేసరికి అతనికి ఎదురుగా నాన్న. అంతే, కొయ్యబారిపోయాడు.

"నమస్తే అంకుల్."

"ఏం బాబూ, మంచిగున్నవా?"

"ఆ."

"ఇంక ఆడవా?"

"లేదండి."

మళ్లీ సోఫా అంచు మనిషే! కానీ డప్పులు ఆగలేదు, అతని కుడికాలూ ఆగలేదు. అదే ఊపు. నేను ఆందోళన కింద తొమ్మిది మార్కులు వేసిన ఆ కాలు, ఆ రోజు వెనక గల్లీ బరాత్‌కు తాళం వేసిందన్నమాట.

నాన్న పగలబడి నవ్వుతూ, "ఏందే డాక్టరమ్మా, సున్నా అంటివి?" అన్నాడు. అక్క ఇన్నాళ్లకు నోరు విప్పింది. "నాన్న ముందట కూసుంటె ఎవలన్న గట్లనె ఉంటరు. ఆ దినం నేను మాట్లాడిన్నా?" నిజమే, నిద్రలో కూడా మాట్లాడే అక్క ఆ రోజు ఒక్క ముక్కా మాట్లాడలేదు. (పిల్ల మూగదేమోనని అబ్బాయి వాళ్లమ్మ పరేషాన్ అయిన సంగతి పెళ్లయ్యాక తెలిసింది.) శ్రావణం రాగానే నాన్న అన్నట్టే ఫోన్ చేశాడు, ముహూర్తం గురించి.

ఇప్పుడు ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక కాలేజీలో నేనూ పిల్లలకు ఆ పాఠమే చెబుతున్నాను, హెచ్చరికలతో మొదలుపెట్టి. మనిషిని ఒక్క పూటలో తేల్చేసే ధైర్యం నాకిప్పుడు లేదు. అది దండిగా ఉన్న అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. బావ ఈనాటికీ మా ఇంటికొస్తే నాన్న ఎదుట సోఫా అంచునే కూర్చుని "ఆ", "లేదు మామా" అంటుంటాడు. నేను చాయ్ అందిస్తూ ముందు అతని కుడికాలు చూస్తాను.