ముప్పై ఆరో ఆర్టికల్

ముప్పై ఏడేళ్ల వయసులో ఎల్ఎల్ఎంలో చేరి, పబ్లిక్ ఇంటర్నేషనల్ లా తీసుకున్నానని చెబితే ఆఫీసులో అందరూ నవ్వారు. మాది హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. కాంట్రాక్టులు చదివి, తేడాగా ఉన్నచోట ఎర్రగీత పెట్టడం నా పని.

"రెండు దేశాలు కొట్లాడుకుంటే మీరు పోయి విడిపిస్తరా మేడం?" అన్నాడు మా టీమ్ లీడ్.

నేనూ నవ్వాను. కంపెనీ చట్టం చదివి ఉంటే ప్రమోషన్‌కు పనికొచ్చేది. ఇది కేవలం ఇష్టంకొద్దీ తీసుకున్నాను. ఆ ఇష్టం కూడా మొదటి సెమిస్టర్‌కే కాస్త నీరసపడింది. దేశాల మధ్య ఒప్పందాల చట్టం పేపరు అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. క్లాసులు సాయంత్రం. చదువు మాత్రం చందానగర్‌లో ఎంఎంటీఎస్ రైలు ఎక్కినప్పుడు కొంత, మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం తింటూ కొంత.

మా ఫ్లోర్‌లో హౌస్‌కీపింగ్ చేసే ఆమె జగిత్యాల వైపు నుంచి వచ్చింది. గోపన్‌పల్లిలో కిరాయికి ఉంటూ కూతుర్ని చదివించుకుంటోంది. భర్త గల్ఫ్‌లో డ్రైవర్. రోజూ మధ్యాహ్నం అతని ఫోన్ వచ్చేది. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మాట్లాడుతూనే టేబుళ్లు తుడిచేది. కొన్నాళ్లుగా ఆ మాటలు వినబడటం లేదు. ఒకరోజు చూస్తే, తుడిచిన టేబులే మళ్లీ తుడుస్తోంది.

"ఏమైంది?" అన్నాను.

"మా ఆయన ఫోన్ పదిహేను దినాల సంది కలుస్తలేదు మేడం. యాక్సిడెంట్ అయిందట. పోలీసులు పట్టుకపోయిన్రని రూంల ఉండేటాయన చెప్పిండు. ఏ జైల్ల ఉన్నడో తెల్వది. ఆయన అడిగితేనే ఎంబసీవాళ్లు వస్తరట, అందాక మనం ఊకోవాలె అంటున్నడు ఏజెంటు. జైల్ల ఉన్నాయనకు అడగాల్నని ఎవలు చెప్తరు మేడం?"

నా చేతికింద ఉన్న పుస్తకంలోనే ఆ సంగతి ఉంది. కాన్సులర్ సంబంధాలపై వియన్నా ఒప్పందం, ముప్పై ఆరో ఆర్టికల్. పరాయి దేశంలో ఎవరినైనా పట్టుకుంటే, తన దేశపు రాయబార కార్యాలయానికి కబురు పంపించుకునే హక్కు ఉందని అతనికి వెంటనే చెప్పాలి. పరీక్షకు నేను బట్టీపట్టింది ఆ ఒక్క ముక్కే. ఆ మధ్యాహ్నం మొదటిసారి ఆర్టికల్ మొత్తం, ఒక్కొక్క వాక్యం, కాంట్రాక్టు చదివినట్టు చదివాను. పోలీసులు కబురు చేయడానికి అతను అడగాలి, నిజమే. కానీ మన అధికారులు వెళ్లి అతన్ని చూడటానికి, మాట్లాడటానికి, లాయరును పెట్టడానికి ఆ షరతు లేదు. తనకు వద్దని అతనే స్పష్టంగా చెబితే తప్ప వాళ్లు వెళ్లవచ్చు. ఏజెంటు చెప్పింది సగం మాత్రమే.

ఆ సాయంత్రం మా ప్రొఫెసర్‌ను కాలేజీ మెట్ల మీదే ఆపి సంగతంతా చెప్పాను. ఆయనది కాకినాడ. విద్యార్థులను కూడా 'మీరు' అనే పిలిచేవారు.

"ఎంబసీకి ఉత్తరం రాద్దామనుకుంటున్నాను సార్. కానీ నేను స్టూడెంట్‌ని. ఆమెకు లేనిపోని ఆశ పెడతానేమో."

"మీరు చదివిన వాక్యం అక్కడ ఉందా లేదా అండి?"

"ఉంది సార్."

"మరి రాయండి. మర్యాదగా రాయండి, గట్టిగా రాయండి."

మర్నాడు క్యాంటీన్‌లో ఇద్దరం కూర్చున్నాం. పాస్‌పోర్టు నకలు, వీసా కాగితం, అతను నడిపిన బండి నంబరు, రూమ్మేట్ చెప్పిన పోలీస్ స్టేషన్ పేరు అన్నీ ఆమె ఫోన్‌లోనే ఉన్నాయి. పేజీన్నర ఉత్తరం రాశాను. కింద ఆమె తెలుగులో సంతకం పెట్టింది. మన ఎంబసీకి, ఢిల్లీలో విదేశాంగ శాఖకు మెయిల్‌లో పంపాం. నాలుగో రోజు, అక్కడి పోలీసులను వివరాలు అడిగామని ఎంబసీ నుంచి జవాబు వచ్చింది. ఆ మెయిల్ ఆమెకు మూడుసార్లు చదివి వినిపించాను.

తొమ్మిదో రోజు పదకొండు గంటలకు ప్యాంట్రీలోంచి గట్టిగా అరుపు వినబడింది. పరుగెత్తాను. ఆమె నేల మీద కూర్చుని, రెండు చేతులతో ఫోన్ పట్టుకుని ఉంది.

"ఉన్నడు మేడం! మంచిగనే ఉన్నడు! ఎంబసీ సారు పోయి ఫోన్ ఇచ్చిండు. బిడ్డ ఇస్కూలుకు పోతుందా అని అడుగుతున్నడు!"

మా టీమ్ లీడ్‌తో సహా ఫ్లోరంతా అక్కడికి చేరింది. ఎవరు మొదలుపెట్టారో, చప్పట్లు కొట్టారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

తప్పు తనదేనని రాసి ఉన్న, తాను చదవలేని అరబిక్ కాగితం మీద అతను సంతకం పెట్టాడని తర్వాత తెలిసింది. ఎంబసీ లాయరును, మాటలు తర్జుమా చేసే మనిషిని పెట్టించింది. సిగ్నల్ దాటి దూసుకొచ్చింది అవతలి బండేనని కెమెరాలో కనిపించింది. రెండు నెలలకు అతన్ని వదిలేశారు.

నేను అప్పటికే మొదలుపెట్టిన సిద్ధాంత వ్యాసాన్ని పక్కనపెట్టి, ఈ ఆర్టికల్ మీదే కొత్తగా రాశాను. వైవాలో బయటినుంచి వచ్చిన పరీక్షకుడు, "ఈ హక్కు దేశానిదా, మనిషిదా?" అని అడిగారు. "ఇద్దరిదీ సార్. దేశం తన హక్కు వాడుకుని తలుపు తట్టకపోతే, మనిషికి తన హక్కు ఉందని కూడా తెలియకపోవచ్చు," అన్నాను. ఆయన తల ఊపి మార్కుల కాగితం ముందుకు లాక్కున్నారు. మా బ్యాచ్‌లో అందరికంటే ఎక్కువ మార్కులు నావే.

పోయిన నెల ఈ హక్కు గురించి చెప్పడానికి మియాపూర్‌లో మా చర్చి హాలు అడిగి తీసుకున్నాను. గల్ఫ్‌కు వెళ్లబోయేవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు ఆదివారం మధ్యాహ్నం వచ్చారు. కుర్చీలు చాలక కొందరు గోడకానుకుని నిలబడ్డారు. నేను బోర్డు మీద ఒక గీత గీసి మొదలుపెట్టబోతుంటే, తిరిగొచ్చిన డ్రైవర్ ముందు వరుసలోంచి లేచాడు.

"మేడం, జర నన్ను చెప్పనియ్యుండ్రి," అన్నాడు. అందరివైపు తిరిగాడు. "మిమ్ముల పట్టుకుంటే పరేషాన్ కాకుండ్రి. సమజ్ కాని కాయితం మీద దస్కత్ పెట్టకుండ్రి. 'ఐ వాంట్ ఇండియన్ ఎంబసీ' అనుండ్రి. ఇగ అందరు అనుండ్రి!"

హాలంతా ఒక్క గొంతుతో అంది. సరిపోలేదన్నట్టు చెయ్యి ఊపాడు. రెండోసారి బయట రోడ్డు మీదికి వినబడేలా అన్నారు. వాళ్లతోపాటు నేనూ అన్నాను.