ఎవరిస్తో ట్రక్కు ఎలోదియాకు దక్కిన విధం

మా ఇంపీరియల్ లోయలో నేల గీకుతూ నిప్పులు చిమ్మిన మొదటి ట్రక్కు నాది. కాలువ పక్క రోడ్డు మీద ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి, అనుమానం ఉన్నవాళ్ళు చూసుకోవచ్చు. నేల గీకేవాళ్ళ సంఘానికి మొదటి అధ్యక్షుణ్ణి నేనే, ఇప్పటి అధ్యక్షుణ్ణీ నేనే. మధ్యలో ఇంకెవరూ లేరు. మాకు పోటీల్లో వచ్చిన కప్పులు అల్మారాలో పట్టక కోళ్ళగూటి మీద పెట్టాం. అయినా మా సంఘం సాధించినవాటిలో పెద్దది ఎలోదియా వెర్దూగో. జ్ఞానస్నానం నాడు ఆమెను ఎత్తుకున్న జ్ఞానతండ్రిని నేను కాబట్టి అందులో కొంత నాకూ చెందుతుంది.

ఎలోదియా గడ్డి యార్డులో మోపులు కట్టే యంత్రాలు బాగుచేసేది. మా సంఘం సభ్యుడు ఎవరిస్తోని పెళ్ళాడాక సాయంత్రాలు ఇద్దరూ ఒక పాత ట్రక్కు ముందేసుకుని కూర్చున్నారు. స్ప్రింగులు తీసి గాలి తిత్తులు పెట్టారు. తిత్తుల్లో గాలి నింపితే బండి లేస్తుంది, వదిలేస్తే నేలకు ఆనుతుంది. బండి అడుగు చట్రానికి, అంటే ఛాసిస్ కింద, టైటానియం దిమ్మలు బిగిస్తే అవి రోడ్డును రాసుకుని తెల్లని నిప్పులు పోస్తాయి. ఆ ట్రక్కులో ఎలోదియా వెల్డింగు చేయని అతుకు లేదు.

ఆమె బిగించిన దిమ్మ ఒక్కటీ ఊడలేదు. ఇది చిన్న విషయం కాదు. ఇంకొకరు బిగించిన దిమ్మ ఒకటి ఊడి, రొట్టెల దుకాణం అద్దంలోంచి వెళ్ళి పిండిముద్దలో ఆగింది. నిప్పులు ఎలా పడుతున్నాయో వంగి చూసిన మా తమ్ముడికి కనుబొమ్మలు పోయాయి. నా ట్రక్కులో పెట్రోలు గొట్టం దిమ్మకు జానెడు దూరంలో ఉండటం చూసి ఎలోదియా, "పెదనాన్నా, నువ్వు నడిపేది బండా, పొయ్యా?" అంది. ఆ రోజే గొట్టం జరిపించాను.

ఎవరిస్తో ఒక జూలైలో పుచ్చకాయ తింటూ గుండె ఆగి పోయాడు. ట్రక్కు వల్లే పోతాడని పందెం కాసినవాళ్ళు ఓడిపోయారు.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది, పెట్టింది నేనే. సభ్యుడు పోతే శవపేటిక వెనక అతని ట్రక్కును ముందూ వెనకా పూర్తిగా దించి, చర్చి గేటు నుంచి సమాధుల తోట మలుపు దాటేదాకా నిప్పులు తెగకుండా ఈడ్చాలి. అలా ఈడ్చినవాళ్ళకే ట్రక్కు. మొదటి అవకాశం భార్యది. నిప్పులు తెగితే ట్రక్కు తమ్ముడికి పోతుంది. ఎవరిస్తో తమ్ముడు నికానోర్. ఎలోదియాకు ఇల్లు లేకపోయినా ఫరవాలేదు, ఆ ట్రక్కు కావాలి. ఆ మాట నాతోనే అంది.

వెనక మాత్రమే దించి ఈడ్చడం ఎవరైనా చేస్తారు. ముందు కూడా దించితే బరువంతా దిమ్మల మీద పడి, స్టీరింగు తిప్పినా బండి వినదు. తిరగాల్సిన చోట ముందు తిత్తుల్లోకి గాలి కొట్టి, వేలెడు లేపి, తిప్పి, మళ్ళీ దించాలి. దించడానికి గాలి అక్కర్లేదు, లేపడానికే కావాలి. ఆ మలుపులో తిరగకపోతే ఎదురుగా కాలువ.

లోపల పూజ జరుగుతుంటే నికానోర్ చర్చి ఆవరణలో స్నేహితుల కోసం ట్రక్కును పైకీ కిందికీ ఆడించాడు. అతనికి చప్పట్లు వచ్చాయి. తిత్తులకు గాలి ఇచ్చే సిలిండర్ ఖాళీ అయిపోయింది, కంప్రెసర్ వేసి మళ్ళీ నింపాలని అతనికి తోచలేదు.

ఎండ వాలాక బయల్దేరాం. ఎలోదియా పక్కన ఆమె అత్త ఎర్మీలా, ఊరంతా గౌరవంగా డోన్యా అని పిలిచే పెద్దావిడ, కొడుకు ఫొటో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాళ్ళ మాటలు తర్వాత ఆవిడే నాకు చెప్పింది.

"దించు, అమ్మాయ్."

"దించా అత్తా."

"ఇంకా."

"ఇంకా దించితే రోడ్డు కిందికి పోతాం."

నిప్పులు వెనక వస్తున్న నా కారు అద్దం దాకా వచ్చాయి. మలుపు కనిపించగానే ఎలోదియా గాలి మీట నొక్కింది. ముందుభాగం లేవలేదు. మీటరు ముల్లు సున్నా మీద పడుకుని ఉంది.

"అత్తా, గాలి లేదు. బండి తిరగదు, ఆపాలి."

"ఆపితే ట్రక్కు నికానోర్‌ది."

"తెలుసు."

"మా ఎవరిస్తో అయితే ఆపేవాడు కాదు."

"ఆయన నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడపలేదు అత్తా."

ఆక్సిలరేటర్ మీంచి కాలు తీసింది. బ్రేకులు పట్టే స్థితిలో లేవు. దిమ్మలే రోడ్డును పట్టుకుని, ట్రక్కు మలుపు మొదట్లో ఆగింది. నిప్పులు తెగాయి. రోడ్డు పక్క ఎండుగడ్డి అంటుకుంటే మగవాళ్ళు అద్దెకు తెచ్చిన కోట్లతో కొట్టి ఆర్పారు.

తీర్పు చెప్పాల్సింది అధ్యక్షుడు. చెప్పాను. ఎలోదియా అత్తను దింపి, కీలు ఇచ్చేసి, కాసేపు బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"తప్పుకో వదినా. మిగిలింది నేను పూర్తి చేస్తా," అన్నాడు నికానోర్.

"సిలిండర్ ఖాళీ. కంప్రెసర్ నింపేదాకా ఆగు."

"అన్నయ్య ఎదురుచూస్తున్నాడు."

"మీ అన్నయ్యకి ఇప్పుడు తొందరేం లేదు."

నికానోర్ ఆగలేదు. కొంచెం దూరమే ఉంది కాబట్టి బాగా తొక్కాడు. నిప్పులు చాలా బాగా వచ్చాయి, అది ఒప్పుకోవాలి. ట్రక్కు నిటారుగా వెళ్ళి కాలువలో దిగింది. ఛాతీ లోతు నీళ్ళు. నికానోర్ కిటికీలోంచి బయటికొచ్చి ట్రక్కు పైకప్పు మీద నిలబడ్డాడు.

"దెబ్బలేమైనా తగిలాయా?" అని అడిగింది ఎలోదియా.

"లేదు."

"అయితే దిగు. దాని మీద బరువెందుకు."

ముందు ఎవరిస్తోని పూడ్చాం. తర్వాత ఎలోదియా నల్ల గౌనుతోనే యార్డుకు వెళ్ళి ట్రాక్టర్ తెచ్చింది. నీళ్ళలో దిగి గొలుసు తనే తగిలించి ట్రక్కును గట్టుకు లాగింది. తలుపుల్లోంచి బురద కారింది.

నికానోర్ వచ్చి, "గొలుసు విప్పు వదినా. ఇది నాది, కీలు నా దగ్గరున్నాయి," అన్నాడు.

ఎలోదియా నా వైపు చూసింది. సంఘమంతా నా వైపే చూసింది. ఆచారంలో కాలువ గురించి నేను ఏమీ పెట్టలేదు. నేను గొంతు సవరించుకునేలోపు డోన్యా ఎర్మీలా అంది:

"కీలు నీ దగ్గరుంటే నడుపుకుంటూ తీసుకుపోరా. అమ్మాయి అడ్డం రాదు."

నికానోర్ ఎక్కి కీ తిప్పాడు. ఇంజను దగ్గింది, నీళ్ళు ఉమ్మింది, ఊరుకుంది. ఇంకోసారి తిప్పాడు. ఆ తర్వాత దిగి, కీలు ట్రాక్టర్ సీటు మీద పెట్టి, బూట్లలో నీళ్ళు ఒంపుకోవడానికి గట్టు మీద కూర్చున్నాడు.

ఆ ఏడాదంతా ట్రక్కు ముక్కలు ముక్కలుగా ఎలోదియా వాకిట్లో ఆరింది. ఆదివారాలు నికానోర్ వచ్చి బురద కడిగేవాడు. గాలి మీటలు మాత్రం అతని చేతికందే చోట ఆమె పెట్టలేదు.