చెమట చూడందే సంతకం పెట్టని కోటయ్య మాస్టారు

మంగళవారం ఉదయం రెండో పీరియడులో పదో తరగతికి సమాసాలు చెబుతున్నాను. మాచర్ల బస్సు దిగి వచ్చిన లెక్కల మాస్టారు స్టాఫ్ రూముకు పోకుండా తిన్నగా నా తరగతి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "పంతులుగారూ, మన డ్రిల్లు మాస్టారు కోటయ్యగారు పోయారంట. నిన్న పొద్దున బడికి పోతా దోవలోనే కూలబడ్డారంట. గుండె ఆగిపోయిందన్నారు" అన్నారు. చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టి కూర్చుండిపోయాను. పిల్లలు ఏమనుకున్నారో తెలియదు. గంట కొట్టేదాకా నేను లేవలేదు.

ఆరోగ్యాన్ని నలుగురికీ పంచడమే జీవితవ్రతంగా బతికిన మనిషి యాభై నాలుగో ఏటనే అస్తమించడం విధివైపరీత్యమని మిత్రులు అంటున్నారు. నేను అలా అనలేను. ఆయన హృదయాన్ని కుంగదీసిన వారిలో నేనూ ఒకణ్ణి. ఆ సంగతి దాచిపెట్టి ఆయన గుణగణాలు మాత్రం కీర్తిస్తే అది ఆయన స్మృతికి చేసే మరో ద్రోహమవుతుంది.

కోటయ్య మాస్టారిది నకరికల్లు దగ్గర ఒక పల్లె. సేద్యం చేసుకునే కుటుంబం. గురజాల ఉన్నత పాఠశాలలో పద్నాలుగేళ్ళు కలిసి పనిచేశాం. నేను తెలుగు పండితుణ్ణి, ఆయన వ్యాయామోపాధ్యాయులు. పొడుగాటి, సన్నని మనిషి. మెడలో ఈల ఉండేది గాని ఊదింది తక్కువ. పిల్లలతో పాటు తానే పరుగెత్తేవారు. పీరియడు ముగిశాక అందరినీ వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి వీపు మీద అరచెయ్యి ఆనించి చూసేవారు. చొక్కా తడిసి ఉంటే భుజం తట్టేవారు. పొడిగా ఉంటే, "నువ్వు ఇయ్యాల బడికి రాలేదురా" అనేవారు. హాజరు పట్టీలో పేరున్నా ఆయన దృష్టిలో వాడు రానట్టే.

ఆడపిల్లల్ని కూడా పరుగెత్తించిన మొదటి ఏడు ఊళ్ళో పెద్ద రభస జరిగింది. ఒక పిల్ల మేనమామ చేతికర్ర పట్టుకుని బడిలోకి వచ్చాడు. "ఏంది మాస్టారూ, ఎదిగిన పిల్లల్ని నలుగుట్లో ఉరికిస్తన్నారు? సిగ్గుండొద్దా?" అని అరిచాడు. కోటయ్యగారు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించి, "మావా, మొన్న కళ్ళంలో మిరపకాయ బస్తాలు మోయించావే ఈ పిల్లతో, అప్పుడు ఎదగలేదా?" అని అడిగారు. ఆ పెద్దాయన నీళ్ళు తాగి కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు ఆ పిల్ల పరుగుకు వచ్చింది.

మండలాలు కొత్తగా ఏర్పడిన రోజులవి. ప్రతి బడిలోనూ వ్యాయామం తప్పనిసరి అనీ, ఆటస్థలం ఉండాలనీ, ఆట సామాను సరఫరా చేస్తామనీ ప్రభుత్వం అంతకు కొన్నేళ్ళ ముందే ఉత్తర్వులిచ్చింది. అవి ఏ మేరకు ఫలించాయో పల్నాటి బడులు కొన్ని తిరిగి చూసి నివేదిక ఇవ్వమని పై కార్యాలయం మా ఇద్దరినీ నియమించింది. ఆయన ఆ విద్య తెలిసినవారు. నా దస్తూరీ బాగుంటుంది. మాకొక అచ్చు ఫారం ఇచ్చారు. ఆటస్థలం ఉన్నదా, పీరియడు ఉన్నదా, సామాను అందినదా అని మూడు ప్రశ్నలు, వాటి ఎదురుగా గడులు. కోటయ్యగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏంది పంతులుగారూ ఇది? పిల్లలు ఆడుతున్నారా అని ఒక్క ముక్కన్నా లేదే!"

"మనల్ని అడిగింది రాద్దాం మాస్టారూ" అన్నాను.

"అడిగింది రాస్తే వాళ్ళకి తెలిసిందే మళ్ళీ వాళ్ళకి చెప్పినట్టు. గోడ మీద టైంటేబులు ఉంటది. అది పిల్లల ఒంటి మీద ఉందా అని గదా చూడాల్సింది" అన్నారు. ఒక నోటుబుక్కు కొని, ప్రతి బడికీ ఒక పేజీ కేటాయించి, పైన 'పిల్లలు పరుగెత్తారా?' అని రాసుకున్నారు.

వెల్దుర్తి వైపు ఒక బడిలో హెడ్మాస్టరుగారు మా ముందు ఇనప్పెట్టె తెరిపించారు. సామాను అంతా ఉంది. బంతుల రబ్బరు పగుళ్ళిచ్చి వేలు పెడితే పొడి రాలింది. వచ్చిన నాటి నుంచీ తాళం తీయలేదట. "పోతే నా మెడకి చుట్టుకుంటది గదండీ" అన్నారాయన, కల్లాకపటం లేకుండా. మరో బడిలో ఆటస్థలం ఉన్నమాట నిజమే. దాని నిండా ఎవరివో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఇంకొకచోట డ్రిల్లు పీరియడులో పిల్లల చేత నీళ్ళు మోయిస్తున్నారు. కోటయ్యగారు ఎవరినీ తిట్టలేదు. ప్రతిచోటా పిల్లల్ని బయటికి పిలిచి పరుగెత్తించి, ఎవరు ఎంత దూరం పోగలిగారో రాసుకున్నారు.

దాచేపల్లి చుట్టుపట్ల ఒక బడిలో తొమ్మిదో తరగతి పిల్ల మల్లీశ్వరి కనబడింది. తండ్రి సున్నపురాయి క్వారీలో కూలీ. పొడుగ్గా, చురుగ్గా ఉండేది. అందరికన్నా ముందు బయలుదేరి అరవై అడుగుల దగ్గర ఆగిపోయింది. నేల మీద గొంతుక్కూర్చుని ఎగశ్వాస తీసింది. పెదవులు నీలం తిరిగాయి.

"ఎప్పటి నుంచమ్మా ఇట్టా?" అని అడిగారు మాస్టారు.

"చిన్నప్పటి నుంచీ అంతే సారూ. కాసేపు కూకుంటే తగ్గిద్ది."

"ఎవరికన్నా చెప్పావా?"

"ఎవురూ ఉరకమనలా సారూ ఇంతకుముందు."

ఆయన చాలాసేపు ఆ పిల్ల వీపు నిమురుతూ కూర్చున్నారు. తర్వాత నోటుబుక్కులో పేరు రాసి, 'గుండె జబ్బని అనుమానం. వెంటనే డాక్టరుకు చూపించాలి. అంతవరకు ఎండలో నిలబెట్టరాదు, పరుగెత్తించరాదు' అని రాశారు. రెండుసార్లు గీత గీశారు.

ఆయన నాకిచ్చిన ఆ నోటుబుక్కు చూసి నేను శుభ్రప్రతి రాశాను. పైకి పంపిన వారం రోజులకు అది తిరిగి వచ్చింది. నిర్ణీత నమూనాలో లేదన్నారు. పై కార్యాలయంవారు నన్ను ఒక్కణ్ణే పిలిపించి, 'పంతులుగారూ, పథకం బాగా నడుస్తున్నదని పైవాళ్ళకు చెప్పుకున్నాం. ఫారం నింపండి చాలు. సభ్యుల్లో ఎవరి సంతకమున్నా సరిపోతుంది' అన్నారు. అప్పుడు నా భార్యకు నరసరావుపేటలో వైద్యం జరుగుతోంది. అక్కడికి బదిలీ కోసం నా అర్జీ వాళ్ళ బల్ల మీదే ఉంది. ఎవరూ నన్ను బెదిరించలేదు. ఆ అర్జీ వైపు నేనే చూశాను. ఫారం నింపాను. ఆటస్థలాలు ఉన్నవి, పీరియడ్లు ఉన్నవి, సామాను అందినది. అబద్ధమని చెప్పలేని అక్షరాలే అన్నీ. మల్లీశ్వరి పేరు రాయడానికి అందులో గడి లేదు.

వారం తర్వాత కోటయ్యగారు అడిగారు. "మిగతాది ఎట్టా ఏడ్చినా సరే, ఆ పిల్ల సంగతి పోయిందా పంతులుగారూ?"

"పోయింది" అన్నాను.

ఆయన నా మాట నమ్మారు. పద్నాలుగేళ్ళ స్నేహంలో నా మాట నమ్మకపోవడానికి ఆయనకు కారణమేమీ లేదు.

మా నివేదిక అత్యంత సంతృప్తికరంగా ఉన్నదని, పై నుంచి పెద్దలు వచ్చే సందర్భంలో నరసరావుపేటలో సామూహిక వ్యాయామ ప్రదర్శన ఏర్పాటు చేశారు. ఏప్రిల్ మాసం. పల్నాటి ఎండ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఎన్నో బడుల నుంచి వందలమంది పిల్లల్ని లారీల్లో తెచ్చారు. నిర్వహణ బాధ్యత కోటయ్యగారికి అప్పగించారు. పొద్దున ఎనిమిదింటికి రావలసిన పెద్దలు పదకొండు దాటినా రాలేదు. పిల్లల్ని నీడకు పంపమని ఆయన మూడుసార్లు అడిగారు. వరసలు చెదురుతాయని అధికారులు ఒప్పుకోలేదు. నాలుగోసారి ఎవరినీ అడగకుండా ఈల ఊది అందరినీ పందిట్లోకి పొమ్మన్నారు. అప్పటికే వెనక వరసలో ఒక పిల్ల పడిపోయింది.

పరుగున వెళ్ళి రెండు చేతులతో లేవనెత్తినప్పుడు గాని ఆయన ఆ పిల్ల ముఖం చూడలేదు. పొడుగ్గా ఉందని ఆ బడివాళ్ళు మల్లీశ్వరిని ఎంపిక చేశారట. ఆస్పత్రికి చేరేలోగా జీపులోనే, ఆయన ఒడిలోనే ఆ ప్రాణం పోయింది.

విచారణ జరిగింది. పిల్ల జబ్బు సంగతి తెలుసా అని అడిగితే కోటయ్యగారు, "తెలుసు. రాశాను. నివేదికలో ఉంది" అన్నారు. నివేదిక తెప్పించారు. అందులో లేదు. అసలు నోటుబుక్కు ఏదని అడిగారు. "పంతులుగారికి ఇచ్చాను" అని నా వైపు చూశారు. ఆ చూపులో అనుమానం లేదు, ధైర్యం ఉంది. నేను ఉన్నాను గదా అనే ధైర్యం.

"నాకు జ్ఞాపకం లేదు" అన్నాను.

తెలిసీ నిర్లక్ష్యం చేశారని నిర్ణయించి ఆయన్ని సస్పెండు చేశారు. కొన్ని నెలలకు తిరిగి తీసుకుని వెల్దుర్తి వైపు వేశారు. నాకు నరసరావుపేట బదిలీ రాలేదు; వచ్చి ఉంటే ఏ ముఖంతో పోయేవాణ్ణో. ఒకసారి మాచర్ల బస్టాండులో ఎదురుపడ్డారు. తప్పుకు పోదామనుకునేలోగా ఆయనే వచ్చి, "చెల్లెమ్మకి ఎట్టా ఉంది పంతులుగారూ?" అని అడిగారు. బాగానే ఉందన్నాను. "మంచిది" అని బస్సెక్కారు. మనిషి సగమైపోయారు. కొత్త బడిలో ప్రతి పిల్లనూ, ప్రతి పిల్లవాణ్ణీ మొదట కూర్చోబెట్టి చెవి ఆనించి గుండె విన్నాకనే పరుగుకు పంపేవారని తర్వాత తెలిసింది. తన గుండె మాత్రం ఎవరికీ చూపించుకోలేదు.

నిన్న వాళ్ళ పల్లెకు వెళ్ళాను. ఆయన భార్య సుశీలమ్మగారు వసారాలో కూర్చుని ఉన్నారు. జరిగిందంతా చెప్పాను. ఆవిడ ఏడవలేదు.

"ఆయనకి తెలుసు అన్నయ్యగారూ. విచారణ జరిగిన రోజే ఇంటికొచ్చి చెప్పారు. ఏనాటికన్నా మీరు వస్తారని చూశారు. పోయినేడాది దాకా చూశారు. ఇప్పుడొచ్చి నాకు చెప్తే ఏంది?" అని లోపలికి వెళ్ళిపోయారు.

సత్యం కోసం ఫారాల హద్దులు దాటిన అంతటి ధీరుణ్ణి మా ప్రాంతం మళ్ళీ చూస్తుందన్న ఆశ నాకు లేదు. ఆ మహనీయుని పాదాలు తాకే అర్హతా లేదు. విచారణనాడు పలకవలసిన మాట, వినవలసిన మనిషి పోయాక, ఇక్కడ అచ్చులో చెబుతున్నాను. మల్లీశ్వరి సంగతి కోటయ్య మాస్టారు రాశారు. నేను తీసేశాను.