దేవుని పిడికెడు

మా ఇంట్లో పొయ్యి పక్కన రెండు కుండలుండేవి. పెద్దది మాది, చిన్నది దేవునిది. ఎసట్లో బియ్యం పోసే ముందు అవ్వ ఒక పిడికెడు తీసి చిన్న కుండలో వేసేది. అవ్వ అంటే మా అమ్మ. మా వైపు తల్లిని అట్లాగే పిలుస్తాం. ఆదివారం నాడు ఆడవాళ్ళందరూ ఆ వారం పిడికిళ్ళను కొంగున కట్టుకొని ప్రార్థన మందిరానికి తెచ్చేవారు. అక్కడ బల్ల కింద ఒక పెద్ద కాగు. అందరివీ అందులోనే పోసేవారు. వడ్లు దంచుకునే ఇంటివాళ్ళు బియ్యం, కూలికి పోయేవాళ్ళు నూకలు, ఏమీ లేనివాళ్ళు గుప్పెడు జొన్నలు. మంచం పట్టినవాళ్ళకూ దిక్కులేనివాళ్ళకూ అందులోంచే ఇచ్చేవారు.

మహబూబాబాద్‌ను అప్పుడందరం మానుకోట అనేవాళ్ళం. పొద్దున నడిచిపోతే మధ్యాహ్నానికి తిరిగిరాగల దూరంలో మా పల్లె. బాపు, అంటే మా నాన్న, ఆ మందిరంలో వాక్యం చెప్పే ఉపదేశి. నేను బడి మొహం చూడలేదు. మిషను బోర్డింగులో రెండేళ్ళు చదివిన అవ్వే, బైబిలు మీద నా వేలు పట్టి అక్షరాలు నేర్పింది. ఆ చేతికి నేనింకా రుణపడే ఉన్నాను.

సాయుధ పోరాటం నడుస్తున్న రోజులవి. అడవిలో దళాలు, ఊళ్ళో పోలీసులు. మా ఊరి చావడిలో క్యాంపు పడింది. ఎవరింట్లోనైనా అవసరానికి మించి గింజలు కనబడితే దళానికి దాచినట్టే. ఒక ఉదయం జమాదారు నలుగురిని వెంటబెట్టుకొని మందిరంలోకి చెప్పులతోనే వచ్చాడు. కాగు బయటికి లాగి చెయ్యి పెట్టాడు. దోసిట్లో తెల్ల బియ్యం, ఎర్ర బియ్యం, నూకలు, జొన్నలు కలగలిసి వచ్చాయి.

“ఒక్కింట్ల గిన్ని తీర్ల గింజలెట్లుంటయ్? ఇల్లిల్లు తిరిగి జమ చేసినవ్. ఎవరికి?”

“దేవునికి ఎత్తిపెట్టినయ్ దొరా,” అన్నాడు బాపు.

“మీ దేవుడు జొన్నరొట్టె తింటడా?”

వెంట వచ్చినవాళ్ళు నవ్వారు. “అడివి నుంచి వచ్చినోళ్ళకు పెట్టినవా లేదా? జల్ది చెప్పు.”

బాపు లేదంటే సరిపోయేది. కాని ఆయన, “ఆకలైతుందన్నోళ్ళకు పెట్టిన. యాడికెళ్ళి వచ్చిన్రని అడగలే,” అన్నాడు.

కాగును ఒకడు ఎత్తుకున్నాడు. బాపును ఇద్దరు పట్టుకుపోయారు.

అది మంగళవారం. ఆ రోజు నుంచి అవ్వ పొద్దంతా చావడి ముందు నిలబడేది. లోపలికి పోనిచ్చేవారు కాదు. మొదటి రోజు సాయంత్రం తిరిగొచ్చి పొయ్యి వెలిగించి, మళ్ళీ ఒక పిడికెడు చిన్న కుండలో వేసింది. నాకు ఒళ్ళు మండింది.

“గా పిడికెడే బాపును పట్టిచ్చింది. ఇంకా ఎందుకేస్తున్నవ్?”

అవ్వ కోప్పడలేదు. “బాపు చెయ్యని తప్పు మనమెందుకు ఒప్పుకోవాలె బిడ్డా? ఆపితే ఒప్పుకున్నట్టే గద.”

ఆ మాట నాకెక్కలేదు. రాత్రి ప్రార్థనలో కళ్ళు మూసుకున్నాను గాని నోట మాట రాలేదు. దేవుడు వింటున్నాడా అని అడగడానికి కూడా భయమైంది. లేదని తెలిస్తే ఏం చెయ్యాలి?

శుక్ర, శనివారాల్లో అవ్వ చావడి దగ్గరుంటే వంట నేనే చేశాను. రెండు రోజులూ దేవుని పిడికెడు తియ్యలేదు. ఉన్న కొద్ది బియ్యమూ ఎసట్లోనే పోశాను. అవ్వకు చెప్పలేదు.

శనివారం సాయంత్రం మందిరంలో పెద్దమనుషులు గుసగుసలాడారు. “కొన్నొద్దులు గింజలు బందు వెడదాం. మనల్ని గూడ ఏసుకపోతరు,” అన్నాడొకాయన. పక్కింటి పెద్దవ్వకు చూపు సరిగా ఆనదు గాని నోరు గట్టిది. “నువ్వు బందు పెట్టుకో తమ్మీ. ఎన్నడన్న ఎసరు పెట్టినవా, పిడికెడు తీసినవా? అది ఆడోళ్ళ పని,” అంది.

ఆదివారం ఎవరైనా వస్తారా అని నేను గుమ్మంలో కూర్చున్నాను. మొదట పెద్దవ్వే వచ్చింది, కర్ర తాటించుకుంటూ. ఆమె వెనక ఒక్కొక్కరే. కొంగులు ముడివేసి ఉన్నాయి. చావడి ముందునుంచే నడిచి వచ్చారు. జమాదారు వాళ్ళ వెంటే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. కాగు లేదు కనుక బల్ల కింద చాట పెట్టారు. ఒక్కొక్కరూ వంగి కొంగు విప్పి పోశారు. అవ్వ వంతు వచ్చింది. ఈసారి కొంగున కట్టకుండా చిన్న కుండనే ఎత్తుకొచ్చింది. దాన్ని వంచి, ఒక్క క్షణం అందులోకి చూసి పోసింది. నేను చూపు తిప్పుకున్నాను.

“గివి ఎవరికి ముసల్దానా?” అని జమాదారు పెద్దవ్వను అడిగాడు.

“పోయిన వారం దాక నాకే ఇచ్చిన్రు నాయినా, నాకెవ్వరు లేరని. ఈ వారం నువ్వు పట్టుకపోయినాయన పెండ్లాం బిడ్డకు. ఆళ్ళ కంటె దిక్కులేనోళ్ళు ఈ ఊర్ల ఎవరున్నరు? నువ్వే చెప్పు.”

ఈ వారం గింజలు మాకేనని అప్పటిదాకా నాకూ తెలియదు. చాట తెచ్చి నా ఒళ్ళోనే పెట్టారు. నేను మానేసిన పిడికెడును, ఆ కాగు మీదే బతికే పెద్దవ్వ మానకుండా తన జొన్నల్లోంచి తీసి తెచ్చింది. తలెత్తలేకపోయాను. జమాదారు ప్రార్థన మొదలయ్యే లోపు వెళ్ళిపోయాడు.

మంగళవారం పొద్దెక్కాక బాపు వచ్చాడు. పాదాలు వాచి, గోడ పట్టుకొని నడిచాడు. ఎందుకు వదిలారో ఎవరూ చెప్పలేదు. కాగు తిరిగి రాలేదు. ఆ చావడి నుంచి తిరిగి రాని మనుషులూ ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలోనూ మోకరించినవాళ్ళున్నారు. మాకెందుకు తిరిగిచ్చావు, వాళ్ళకెందుకు ఇవ్వలేదు అని దేవుణ్ణి ఎన్నోసార్లు అడిగాను. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. బాపు నడిచి వచ్చిన ఉదయానికి మాత్రం కృతజ్ఞత చెప్పకుండా నేను ఏ రోజునూ ముగించలేదు.

ఆ పూట చాటలోని గింజలే వండాలి. ఏడుస్తూ అవ్వకు చెప్పేశాను, రెండు రోజులు పిడికెడు తియ్యలేదని.

“నాకెరుకే. కుండ ఎత్తంగనే తెలిసింది,” అంది అవ్వ.

బాపు పాదాలు వేణ్ణీళ్ళలో పెట్టుకొని వింటున్నాడు. “ఆకలైందా బిడ్డా గప్పుడు?” అని అడిగాడు.

“ఆకలి కాదు బాపూ. కోపం.”

“దేవుని మీదనా?”

తలూపాను. ఆయన వాచిన పాదాల వైపు చూసుకున్నాడు. “చావడిల నాక్కూడ వచ్చింది,” అన్నాడు.

అవ్వ చాట నా ముందుకు జరిపింది. నేను ఒక పిడికెడు తీశాను. అందులో పెద్దవ్వ జొన్నలూ ఉన్నాయి. చిన్న కుండలో వేశాను.