కూరలో చెయ్యి పెడుతున్నదెవరు

పెద్దామెకి నమ్మకం అనేది పుట్టుకతోనే రాలేదు. పాలవాడు పాలు పోస్తుంటే గిన్నె వైపు కాక అతని మొహం వైపు చూస్తుంది. గ్యాస్ బండ తెచ్చినవాడు నవ్వితే, ఎందుకు నవ్వాడా అని ఆ పూటంతా ఆలోచిస్తుంది. బట్టలు కుట్టే ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఆమె వంటమనిషి. ఎదురుగా ఉన్నప్పుడు అందరూ పెద్దక్కా అంటారు, పక్కకి తిరిగితే పోలీసక్క. ఆ పేరు పెట్టినవాడెవడో తనకి తెలుసనీ, సమయం వచ్చినప్పుడు వాడి సంగతి చూస్తాననీ ఆమె అంటూ ఉంటుంది.

అయితే ఆ చేతి వంటకి మాత్రం ఎవరూ వంక పెట్టలేదు. కొలతలు, చెంచాలు ఆమెకి అక్కర్లేదు. నాలుక ఎంత చెబితే ఉప్పు అంత. మొగుడు పోయాక ఇల్లు నిలబడింది ఆ నాలుక మీదే.

వంటింట్లో ఆమెకి తోడు సొంత తోటికోడలు. మరిది పెళ్ళాన్ని ఆ పనిలో పెట్టించింది తనే, పెట్టించిన మర్నాటి నుంచి అనుమానించడం మొదలుపెట్టిందీ తనే. చిన్నామెకి నోట్లో నాలుక లేదు. అలాంటివాళ్ళనే కనిపెట్టి ఉండాలని పెద్దామె సిద్ధాంతం.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి పెద్దామె నోటికి ఏదో అయింది. ఏం తిన్నా తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టే ఉంది. ముందు కొత్త గిన్నెల్ని అనుమానించి పాతవి దింపించింది. తర్వాత నీళ్ళని అనుమానించి ట్యాంకు మూత తీయించింది. అడుగు అద్దంలా ఉంది. నూనె కొట్టు మార్పించింది. మేకు రుచి పోలేదు. గిన్నెలు కావు, నీళ్ళు కావు, నూనె కాదు. ఇక మిగిలింది మనిషి.

పైగా ఆధారం కూడా దొరికింది. తను స్టోర్ రూముకి వెళ్ళొచ్చేసరికి కూర పల్చబడుతోంది. తను తరిగినవాటికంటే గిన్నెలో బంగాళాదుంప ముక్కలు ఎక్కువుంటున్నాయి. ఇదెందుకు చేస్తున్నట్టు? కూర చెడి, తన పేరు చెడి, తనని మాన్పించేస్తే ఆ గరిటె ఎవరి చేతికొస్తుంది? అక్కడికి లెక్క సరిపోయింది.

"అక్కా, నీ పాదాలు వాచాయి. పొద్దున్నే మొహం కూడా ఉబ్బి ఉంటోంది. ఒకసారి డాక్టరుకి చూపించుకుందాం" అంది చిన్నామె ఒకరోజు.

"నన్ను మంచం ఎక్కించి నువ్వు పెత్తనం చేద్దామనా?" అంది పెద్దామె.

రోజంతా పొయ్యి దగ్గర నిలబడే మనిషికి పాదాలు వాయకేం చేస్తాయి? మోకాళ్ళ నొప్పులకైతే మందుల షాపువాడు ఇచ్చిన మాత్రలు ఉండనే ఉన్నాయి. పొద్దునొకటి, సాయంత్రమొకటి, ఏళ్ళ తరబడి మింగుతోంది. లోకంలో ఎవరినీ నమ్మని మనిషి ఆ మాత్రని ఒక్కనాడూ అనుమానించలేదు. అదేం మాత్రో కూడా అడగలేదు. నొప్పి తగ్గించిందిగా!

తాడోపేడో తేల్చుకుందామని ఒక మధ్యాహ్నం "ఉల్లిపాయలు తెస్తా" అని పైకి అని, స్టోర్ రూము తలుపు సందులోంచి కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూసింది. చిన్నామె కూర రుచి చూసింది. మొహం చిట్లించింది. అటూ ఇటూ చూసి, బల్ల కిందనుంచి మూత పెట్టిన గిన్నె తీసి, అందులోదంతా కూరలో గుమ్మరించింది.

"దొరికావే!" పెద్దామె ఒక్క ఉదుటున వచ్చి రెక్క పట్టుకుంది. "మేనేజరు గారూ, రండి! నా కూరలో ఇది ఏం కలుపుతోందో మీ కళ్ళతో చూడండి!"

మేనేజరు వచ్చాడు. వెనకాలే తినడానికి వచ్చినవాళ్ళు సగంమంది వచ్చారు.

"ఉత్త నీళ్ళూ, ఉడికించిన దుంపలూ సార్" అంది చిన్నామె తల ఎత్తకుండా. "అటు పొయ్యి మీద ఇంకో గిన్నె ఉంది. దాన్ని నేనింకా ముట్టుకోలేదు. కాస్త రుచి చూడండి."

మేనేజరు ఒక చెంచాడు నోట్లో పెట్టుకుని సింకు దగ్గరికి పరిగెత్తాడు. "ఇదేంటమ్మా, అంతా ఉప్పే!"

పెద్దామె చెంచా లాక్కుని రుచి చూసింది. ఆ తుప్పు రుచే తప్ప ఉప్పు తగల్లేదు, చప్పగా ఉంది. ఇంకో చెంచా తిన్నా చప్పగానే ఉంది. చెంచా కింద పెట్టి చిన్నామె వైపు తిరిగింది.

"ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావే ఇది?"

"ఎండలు మొదలైనప్పటి నుంచి. చెబితే నమ్మవు. నలుగురికీ తెలిస్తే నిన్ను తీసేస్తారని భయమేసిందక్కా."

ఇక డాక్టరు దగ్గరికి వెళ్ళక తప్పలేదు. రక్తం, మూత్రం పరీక్షలయ్యాయి. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం బాగా పెరిగిందనీ, కిడ్నీలు చాలావరకు దెబ్బతిన్నాయనీ డాక్టరమ్మ చెబితే, "ఆ రక్తం నాదేనంటారా? పక్కవాళ్ళ సీసా ఏమైనా కలిసిందేమో" అంది పెద్దామె. డాక్టరమ్మ విసుక్కోకుండా మళ్ళీ తీయించింది. ఫలితం మారలేదు.

"నొప్పే లేదు కదండీ! పాడైతే నొప్పి రావద్దూ?"

"కిడ్నీల జబ్బు చాలామందిలో నొప్పి లేకుండానే ముదురుతుందమ్మా. పిడికిలంత ఉంటాయి రెండూ. పగలూ రాత్రీ రక్తాన్ని వడగట్టి, చెడునీ, ఎక్కువైన ఉప్పునీ నీళ్ళనీ బయటికి పంపుతాయి. కొంత దెబ్బతింటే, మిగిలింది ఆ భారం కూడా తనే మోస్తుంది, కిమ్మనదు. అందుకే మీకు తెలియలేదు. ఇప్పుడు ఆ చెడు రక్తంలోనే ఉండిపోతోంది. నోట్లో ఆ ఇనుప రుచి దాని వల్లే."

పెద్దామె తలుపు వైపు చూసింది. బయట బెంచీ మీద చిన్నామె ఇద్దరి సంచులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

ఎన్నడూ చూపించుకోని బీపీ కొంత, అడగకుండా మింగిన ఆ మాత్రలు కొంత, కలిసి ఈ పని చేసి ఉంటాయంది డాక్టరమ్మ. ఇక ఆ మాత్రలు ముట్టుకోకూడదు. బీపీ అదుపులో ఉండాలి, ఉప్పు బాగా తగ్గాలి. జాగ్రత్తగా ఉంటే డయాలసిస్ కొన్నాళ్ళు వాయిదా పడొచ్చు. నాలుక సంగతి మాత్రం మాట ఇవ్వలేనంది. ఆ మాటకి పెద్దామె ఏడ్చింది. ఆ ఏడుపు విని చిన్నామె లోపలికి వచ్చింది. అంతవరకూ ఆమె ఏడవగా తను చూడలేదు.

మేనేజరు ఆమెని మాన్పించలేదు. వారం పోయాక మళ్ళీ పొయ్యి ముందు నిలబడింది. కూర ఉడికింది. అలవాటుగా నాలిక్కి రాసుకుంటే అదే తుప్పు. ఉప్పు డబ్బా మీద చెయ్యి వేసి, తీసేసింది. డబ్బా చిన్నామె వైపు జరిపింది.

చిన్నామె వేసింది, కలిపింది, రుచి చూసింది.

"సరిపోయిందా?"

"సరిపోయిందక్కా."

పెద్దామె ఆ మొహంలోకి చాలాసేపు చూసింది. నిజమో అబద్ధమో పోల్చుకోవడానికి తన దగ్గర ఇప్పుడేమీ లేదు.

"అయితే దించెయ్" అంది.