మూతల మీద ఊళ్లు

మా అన్న దశరథ్ గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు శాంపిల్ సీసాలు నింపాడు. సెలవు రోజులు మాత్రం సాలెపురుగులవి. అరచేయంత ఉండి చెట్టు తొర్రల్లో బతికే వాటిని పొయెసిలోథెరియా అంటారట, మన దేశంలోను, శ్రీలంకలోను తప్ప దొరకవట. ముందు కాళ్ల అడుగున పసుపు మీద నల్లపట్టీ ఎంత వెడల్పుందో చూసి రకం చెప్పేవాడు. విడిచిన కుబుసంలోనూ ఆ పట్టీ చెరగదు. నాకు అన్నీ ఒకలాగే కనిపించేవి.

అన్న దగ్గర రెండు కుబుసాలు, రెండు శాంపిల్ సీసాల్లో ఉండేవి. ఒకటి ఇస్మాయిల్‌ఖాన్‌పేట దారిలోని చింతచెట్టు తొర్రలోది. రెండోది పటాన్‌చెరులో చెక్కపెట్టెలు చేసే షెడ్డులో, ఎక్కడినుంచో లారీలో వచ్చిన దుంగలోది. ఒకదానికి పట్టీ వెడల్పు, ఒకదానికి సన్నం. సీసా మీద రాస్తే మందు కారి చెరిగిపోతుందని, ఫ్యాక్టరీ అలవాటు కొద్దీ ఊరి పేరు మూత మీద రాశాడు.

ఆస్పత్రిలో ఉన్నప్పుడు నాతో అన్నాడు: "చెల్లె, హైదరాబాద్ నుంచి తహ్రీమ్ అనే పిల్ల ఈ పురుగులు ఎక్కడెక్కడున్నయో పటం గీస్తున్నది. మన దిక్కు కూడా ఒక చుక్క పడాలె. సీసాలు ఆమెకియ్యి."

అన్న పోయిన పదకొండో రోజు ఇల్లు కడిగేటప్పుడు దుమ్ము పట్టిన ఆ సీసాల్ని చూసి, కుబుసాల్ని కాగితం మీద పెట్టి, సీసాలు, మూతలు విడివిడిగా కడిగింది నేనే. మళ్లీ సర్దినప్పుడు ఏ మూత దేనిదో చూడలేదు.

నెల తర్వాత తహ్రీమ్ వచ్చింది. నా తప్పు విని, చింతచెట్టు రోడ్డు వెడల్పులో పోయింది కాబట్టి మళ్లీ వెతికే దారి లేదంది.

"జెర యాది చేస్కో అక్కా. జల్దీ ఏం లేదు."

మా వదిన రుచిత చాయ్ పెడుతూ నా చెవిలో, వెడల్పుదే చింతచెట్టుది అని చెప్పేయమంది. "ఏదో ఒకటి చెప్పు. మీ అన్న ఖుషీ అయితడు."

నోటిదాకా వచ్చింది. అన్న అప్పుడే తెచ్చిన ఒక సీసాను వెలుతురుకు పట్టి చూపించిన సాయంత్రం గుర్తుంది. చొక్కా మీద ఆ షెడ్డులోని రంపపు పొట్టు ఉన్నట్టే అనిపించింది. కాదు, అది చింతాకేమో. అంతలో ఇంకోటి గుర్తొచ్చింది. ఒకసారి మూత ఊడిన శాంపిల్‌ను పారబోస్తే సూపర్‌వైజర్ తిట్టాడని అన్న చెప్పుకొచ్చాడు. "ఏ డ్రమ్ముదో ఎరుక లేనిదాని మీద పేరు రాస్తనా?" అన్నాడు, అన్నం కలుపుతూ.

"నాకు యాదికి లేదమ్మా" అన్నాను. "కలిపేసిన."

తహ్రీమ్ పుస్తకంలో ఏదో రాసుకుంది. చుక్క పడదా అని అడిగాను.

"రెండిట్ల ఒకటి ఇక్కడిదే కదా, పడ్తది. రకం దగ్గర ఖాళీ ఉంటది, అంతే."

వదిన ఇంకా నాతో సరిగా మాట్లాడడం లేదు. కళ్లు మూసుకుంటే అన్న చేతిలో ఆ సీసా కనిపిస్తుంది. లోపలి పట్టీ ఒకసారి వెడల్పుగా, ఒకసారి సన్నగా.