తబితా పెంచిన చేదు

మీరు తబితాను కలిసి తీరాలి. ఈసారి ఖమ్మం నుంచి భద్రాచలం బస్సెక్కినప్పుడు గోదావరి వంతెన రాకముందే సారపాకలో దిగిపోండి. పేపరు మిల్లుకు పోయే యూకలిప్టస్ లారీల వరస పక్కగా నడిచి చర్చి సందులోకి తిరిగితే ఆకుపచ్చ తలుపుల రేకుల ఇల్లు కనిపిస్తుంది. మనిషికి ముప్పై దాటాయి. వంతెన అవతల ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తుంది. వచ్చినవాళ్ళ పేరు అడగడం మర్చిపోయినా, వేపాకు ఎందుకు చేదో, ఉమ్మెత్త కాయ ఎందుకు పిచ్చెక్కిస్తుందో చెప్పకుండా వదలదు. వదిలేది కాదు, అనాలి. ఇప్పుడు అడిగితేనే చెప్తోంది.

ఆ చేదు సంగతి కొంచెమైనా తెలియకపోతే ఆమె కథ తెలియదు. తమను కొరుక్కుతినే పురుగుల మీద కోపంతో మొక్కలు లోపల దాచుకునే చేదు పదార్థాలున్నాయి, ఆల్కలాయిడ్లంటారు. సర్పగంధి వేరులో రక్తపోటును దించేది అదే జాతి. బిళ్ళగన్నేరులో క్యాన్సర్‌కు మందయ్యేదీ అదే. ముష్టి గింజలో మనిషిని విల్లులా వంచి చంపేదీ అదే. తమాషా ఏంటంటే, ఈ మూడూ మొదలయ్యేది ఒకే చోట. రెండు చిన్న పదార్థాలను పట్టుకుని ఒకటిగా అతికించే ఎంజైమ్ ఒకటుంది, స్ట్రిక్టోసిడిన్ సింథేజ్ అని. అది అతికించి వదిలేస్తుంది. అక్కడి నుంచి ఏ మొక్క దారి దానిది.

తబితా ఎమ్మెస్సీ ప్రాజెక్టు దాని మీదే. అడవి అంచు ఊళ్ళ నుంచి తెచ్చిన సర్పగంధి మొక్కల వేళ్ళన్నీ పరీక్షిస్తే, ఒక్కదానిలో మాత్రం ఆ ఎంజైమ్ దయ్యం పట్టినట్టు పనిచేస్తోంది. చేదు కూడా మిగతావాటికి ఎన్నో రెట్లు. ప్రాజెక్టు అయిపోయాక ఆ మొక్క వేరు ముక్కలు తడిగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చి, పెరట్లో దొండ పందిరి నీడన పాతింది. ఆ సాయంత్రం తల్లి జోజమ్మ సొరకాయ తరుగుతుంటే, తండ్రి జకర్యా డోలక్ తాళ్ళు బిగిస్తుంటే, మధ్యలో కూర్చుని ఎంజైమ్ గురించి ఊదరగొట్టింది.

"ఇద్దర్ని పట్టి కలుపుతదన్నమాట," అన్నాడు జకర్యా. "అంటే మన పాస్టరయ్యగారే. ఇద్దర్ని నిలబెట్టి చేతులు కలుపుతడు. ఆమీద వాళ్ళ సంసారం ఎట్ల నడుస్తదో ఆయనకు సంబంధం లేదు."

"అవ్ నాయినా, గంతే. అదే కుటుంబం ఎంజైములు వేరే మొక్కలల్ల గూడ ఉంటయ్. చూడనీకి ఒక్క తీరే. ఈ పని మాత్రం వాటికి చాతకాదు."

"పాస్టరు కొడుకులందరు పాస్టర్లయితరా ఏంది."

జోజమ్మ తలెత్తకుండానే అంది. "మా ఇద్దరి చేతులు కలిపిన్నాడు గింత చేదు తయారైతదని అయ్యగారు చెప్పలే. చెప్తే చర్చిలకెల్లి సీదా బస్టాండుకు పోయేదాన్ని."

"పోయినా బస్సు దొరక్క వాపసు వచ్చేదానివే," అన్నాడు జకర్యా, డోలక్ మీద ఒక దెబ్బ వేసి.

తర్వాతి వానాకాలంలో జోజమ్మకు జ్వరం వచ్చింది. దవాఖానాల చుట్టూ తిరిగి తిరిగి, అటే పోయింది.

జకర్యా మిల్లు యార్డులో కాంట్రాక్టు కింద దుంగలు దించిన మనిషి. ఆదివారం వచ్చిందంటే చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే, డోలక్ ఆయనదే. భార్య పోయాక కూడా ఎత్తుకున్నాడు. ఇది గుర్తుపెట్టుకోండి. దుఃఖం పచ్చిగా ఉన్న ఆ మొదటి ఏడాదంతా జకర్యా పాడాడు. పాడుతూ పాడుతూ మధ్యలో ఆగి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ అదే చరణం అందుకునేవాడు. వంట చేస్తూ జోజమ్మ కథలు చెప్పేవాడు, చెప్తూ తనే నవ్వేవాడు.

ఆ ఏడాదిలోనే బీపీ బయటపడింది. గోలీలు రాసిచ్చారు. జోజమ్మ చివరి రోజులన్నీ గోలీలతోనే గడిచాయి కాబట్టి ఆయన వాటిని ముట్టనన్నాడు. సంతలో మూలికలు అమ్మే భద్రయ్య దగ్గర సర్పగంధి వేరు పొడి తెచ్చుకున్నాడు. భద్రయ్య మందిచ్చే పద్ధతి ఒకటుంది. చెంచాతో కొలవడు.

"ఎవరి మందుకు వాళ్ళ వేళ్ళే కొలత," అనేవాడు. "నీ మూడు వేళ్ళకు ఎంతొస్తే గంత. నా వేళ్ళతోని తీసిస్తే నీ ఒంటికి పట్టదు."

దుంగలు మోసిన వేళ్ళవి, లావుగా ఉండేవి. చిటికెడు కూడా అంతే. భద్రయ్య పొడి చప్పటిది కాబట్టి అది సరిపోయింది. బీపీ కొంచెం దిగింది, మనిషి మనిషిలాగే ఉన్నాడు.

రానురాను భద్రయ్య తెచ్చే వేర్లు సన్నబడ్డాయి. అడవిలో మొక్కే కనిపించడం లేదన్నాడు. మందంతా వేరులోనే ఉంటుంది, వేరు తవ్వితే మొక్క ఉండదు, మరేం మిగులుతుంది. జకర్యా బీపీ మళ్ళీ ఎక్కింది. గోలీలు వేసుకోమని తబితా బతిమాలింది. ఆయన వినలేదు. అప్పుడు ఆమె చూపు దొండ పందిరి కిందికి పోయింది. తను పాతిన ముక్కలు మోకాలెత్తు మొక్కలై, ఎర్రటి కాడల మీద తెల్లటి పూలు పూసి ఉన్నాయి.

ఒక మొక్క తవ్వింది. వేరు కడిగి, నీడన ఆరబెట్టి, దంచి, జల్లించింది. భద్రయ్యకు చూపిస్తే నాలుక మీద వేసుకుని మొహం ముడిచాడు. "మంచి చేదున్నది. అదే మందు, అదే చిటికెడు," అన్నాడు. తబితాకు పరీక్షలో ఫస్టొచ్చినంత సంబరం. చదువు ఇంటికి పనికొచ్చిందని ఆ వారమంతా క్లాసులో చెప్పుకుంది.

ఆమె వేరు మార్చింది. చిటికెడు మార్చలేదు. అంతే జరిగింది.

బీపీ బ్రహ్మాండంగా దిగింది. దాంతోపాటు జకర్యా కూడా. ముందు డోలక్ వేరేవాళ్ళకిచ్చి చర్చిలో వెనక బెంచీకి మారాడు. తర్వాత పాట మానేశాడు. తర్వాత జోజమ్మ కథలు మానేశాడు. ఎప్పుడు చూసినా ముక్కు దిబ్బడ, మాట ముక్కుతో మాట్లాడినట్టు ఉండేది. ఎవరూ చూడకుండా ఏడుస్తున్నాడనుకుంది తబితా. పక్కింటి రాఘవమ్మ కూడా అదే అనుకుంది. ఆమె తనే మరదలు వరస కలుపుకుని గోడ మీద నుంచి పలకరించేది.

"ఏం జకర్యన్నా, మీ మరదలు పులుసు పెట్టింది, ఉప్పు మర్చిపోయింది, నీ ఇంట్ల ఉంటే జర కలుపుకొని తిను."

మునుపైతే దీనికి నాలుగు మాటలు తిరిగొచ్చేవి. ఇప్పుడు జకర్యా గిన్నె అందుకుని, "సరే వదినా," అని లోపలికి పోయేవాడు. వదినకూ మరదలికీ తేడా మర్చిపోయాడని రాఘవమ్మ నవ్వబోయి, ఆయన వీపు చూసి ఊరుకుంది.

పాస్టరయ్యగారు వచ్చి ప్రార్థన చేసిపోయారు. "భార్య మీద అంత ప్రేమ. లోపల లోపలే కుమిలిపోతున్నడు," అన్నారు. సంఘంలో అందరూ అదే మాట. జోజమ్మ అదృష్టవంతురాలని ఆడవాళ్ళు ఒకరితో ఒకరు చెప్పుకున్నారు.

ఒక్క పనికి మాత్రం ఆయన పొద్దున్నే లేచేవాడు. దొండ పందిరి కింద మొక్కలకు నీళ్ళు పోయడానికి. చెంబుతో ఒక్కో మొక్క మొదట్లో మెల్లగా పోసేవాడు, పిల్లలకు తాగించినట్టు. ఆ తర్వాత మూడు వేళ్ళతో పొడి తీసి నోట్లో వేసుకుని, అరుగు మీద కూర్చుంటే మధ్యాహ్నం దాకా అక్కడే.

ఒకరోజు అరుగు దిగుతూ కళ్ళు తిరిగి పడిపోయాడు. తబితా ఆటోలో దవాఖానాకు తీసుకుపోయింది. డాక్టరమ్మ నాడి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"గుండె చాన నెమ్మదిగ కొట్టుకుంటుంది. ఏం గోలీలు వాడుతున్నరు?"

"ఏం లేవు మేడమ్," అంది తబితా.

"ముక్కు ఎప్పటిసంది దిబ్బడ?"

"అమ్మ పోయినప్పటి..." అనబోయి ఆగింది తబితా. అప్పటి నుంచి కాదు. అమ్మ పోయిన ఏడాది ముక్కు బాగానే ఉంది. పాట కూడా ఉంది.

"పసర్లు, వేర్లు ఏమన్న తీస్కుంటడా?"

జకర్యానే చెప్పాడు, ఎన్నాళ్ళ తర్వాతో మొహంలో కొంచెం వెలుగుతో. "మా బిడ్డ పెంచిన వేరు మేడమ్. యూనివర్సిటీలకెల్లి తెచ్చింది. గసుంటి చేదు ఇంకెక్కడ దొరకది."

డాక్టరమ్మ తబితా వైపు చూసింది. కోప్పడలేదు. ఆ వేరులోని మందు కొందరిని ఇలా కుంగదీస్తుందనీ, నాడిని, మనసును రెండింటినీ కిందికి లాగుతుందనీ, ఇది ఇలాగే సాగితే ప్రాణం మీదికి వచ్చేదనీ చెప్పింది. ఈ ముక్క తబితాకు తెలియనిది కాదు. మెదడులో దాచుకున్న ఉత్సాహాన్నంతా ఆ ఆల్కలాయిడ్ ఖాళీ చేస్తుందని తనే బోర్డు మీద రాసి చెప్పింది, ఏటా. ఇంట్లో అరుగు మీద కూర్చున్నది మాత్రం ఆమెకు దుఃఖంగానే కనిపించింది.

గోలీలు మొదలయ్యాయి. ఈసారి జకర్యా ఎదురు చెప్పలేదు, ఎదురు చెప్పే ఓపిక లేదు. పొడి డబ్బా తబితా తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. ఎందుకు పెట్టిందో ఆయన అడిగితే చెప్పాలి కదా, చెప్పింది. ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక, పెరట్లో, మొక్కల ముందే.

ఆయన చెంబు కింద పెట్టి విన్నాడు.

"అయితే నేను మీ అమ్మ కోసం గట్ల కాలేదా?"

"అమ్మ కోసం బాధ ఉండె నాయినా. కానీ గింతగనం కాదు. ఇది వేరు చేసింది. నాదే తప్పు."

"అందరు ఎంత మంచిగ చెప్పుకున్నరు బిడ్డా. నేను గూడ అట్లనే అనుకుంటి. జోజమ్మకు ఏం పెట్టలేకపోతి, కనీసం గిదన్న ఇస్తున్న అనుకుంటి." మొక్కల వైపు చూశాడు. "అదంత ఈ వేరు ఏడ్చిన ఏడుపా."

తబితా కింద ఉన్న చెంబు తీసుకుని, మిగిలిన నీళ్ళు తనే పోసింది.

వారాలు గడిచేకొద్దీ మనిషి తేరుకున్నాడు. ముక్కు విడిచింది. అన్నం మారు అడిగాడు. ఒకరోజు రాఘవమ్మ గోడ మీద నుంచి, "జకర్యన్నా, మీ కోడిపుంజు మా ఇంటికి ఇల్లరికం వచ్చింది, కట్నం ఏమన్న పంపిస్తవా," అంటే పగలబడి నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఎవరో చెంప మీద కొట్టినట్టు ఆగిపోయి, లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. తబితా కిటికీలోంచి చూసింది. గోడకున్న జోజమ్మ ఫొటో ముందు, నేరం చేసినవాడిలా తల వంచుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత జోజమ్మ సమాధి దగ్గరికి పోవడం మానేశాడు. పాటా అందుకోలేదు. మందు వల్ల పోయినవన్నీ తిరిగి వచ్చాయి గానీ, పాట ఒక్కటీ రాలేదు.

జోజమ్మ జ్ఞాపకార్థ కూడిక దగ్గరపడింది. సంఘమంతా ఇంటికి వస్తారు, వాక్యం చదువుతారు, ఇంటి పెద్ద లేచి పోయినామె గురించి నాలుగు మాటలు చెప్తాడు. కూడిక నాడు పొద్దున బల్లలు సర్దుతున్న తబితా దగ్గరికి జకర్యా వచ్చాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు, గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు.

"బీరువ తాళం ఇయ్యి బిడ్డా."

"ఎందుకు నాయినా?"

"ఒక్క చిటికెడు. ఇయ్యాల్టికే." ఆమె మొహం చూడకుండా, ఆ లావాటి మూడు వేళ్ళు దగ్గరికి తెచ్చి చూపించాడు. "అందరి ముంగట నిలబడాలె. నాకు ఏడుపొస్తలేదు. ఎంత గుర్తుచేసుకున్నా వస్తలేదు. రాకపోతే మీ అమ్మకు ఏం మొహం చూపియ్యాలె?"

"ఒక్క చిటికెడుతోని ఏం రాదు నాయినా. అది గట్ల పనిచెయ్యది."

"రాకుంటే రాకపాయె. నోట్లె ఆ చేదన్న ఉంటది కదా."

వాకిట్లో చెప్పులు విడుస్తున్న చప్పుడు మొదలైంది. రాఘవమ్మ కుర్చీలు మోసుకొస్తోంది. పందిరి కింద ఇంకా కొన్ని మొక్కలున్నాయి. అడవిలో ఆ రకం ఇక దొరకదని భద్రయ్య చెప్పాడు, అందుకే తబితా వాటిని పీకలేకపోయింది. జకర్యా నీళ్ళు పోయడం మానేశాక రోజూ తనే పోస్తోంది. తాళంచెవి ఆమె కొంగు ముడిలోనే ఉంది. తండ్రి చెయ్యి చాపి నిలబడ్డాడు.

ఆమె ముందు చొక్కా గుండీలు విప్పి, సరిగ్గా పెట్టింది. ఛాతీ మీది గుండీ పెట్టేటప్పుడు ఆయన గుండె తన వేళ్ళ కింద మామూలుగా, బలంగా కొట్టుకుంటోంది. తర్వాత ఆ చాపిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది, తాళంచెవి లేకుండానే. అలాగే పట్టుకుని జనం ముందుకు నడిపించింది. జకర్యా నిలబడ్డాడు. భార్య పేరు చెప్పాడు. ఆమె సొరకాయ కూర బాగా చేసేదన్నాడు. ఇంకేదో అనబోయాడు, మాట దొరకలేదు. పొడి కళ్ళతో కూర్చున్నాడు. వెనక వరసలో ఎవరో, "అప్పుడే మర్చిపోయిండు," అని గొణిగారు. ఆ మాట ఆయనకూ వినపడింది, తబితాకూ వినపడింది.

ఇప్పటికీ తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. ఆయన మళ్ళీ అడగలేదు, పాడనూ లేదు. ఆ పొద్దున మీ నాన్న మీ ముందు మూడు వేళ్ళు చూపించి నిలబడితే, మీరైతే ఏం చేసేవారు?